బాలింతకు ఆయాసమా? ముందు దిండ్లు లెక్కపెట్టండి

విజయనగరం జిల్లా పురిటి వార్డుల్లో స్టాఫ్ నర్సుగా చాలా ఏళ్లు పనిచేశాను. ఒక రాత్రి డ్యూటీ మాత్రం ఇప్పటికీ కళ్ల ముందే ఉంటుంది. కాన్పయి పన్నెండు రోజులైన అమ్మాయిని చీపురుపల్లి వైపు నుంచి ఆటోలో తీసుకొచ్చారు. మంచం ఇస్తే పడుకోలేదు. గోడకు చేరబడి, మోకాళ్ల మీద దిండు పెట్టుకుని, దాని మీద తల వాల్చింది. "ఏటమ్మా, పడుకోవా?" అంటే "పడుకుంటే ఊపిరాడట్లేదు సిస్టర్" అంది. "నిన్న పప్పు తింది, గ్యాస్ పట్టేసినట్టుంది" అని వాళ్లమ్మ అడ్డొచ్చింది. నాకూ అదే నిజమనిపించింది. డ్యూటీ డాక్టరుగారికి కూడా ఫోన్‌లో గ్యాస్ అనే చెప్పాను. తెల్లారేసరికి ఆ పిల్ల నోట గులాబీ రంగు నురగ. గుండె సరిగ్గా కొట్టలేక ఊపిరితిత్తుల్లోకి నీరు చేరిపోయింది. అదృష్టం బాగుండి మందులతోనే గట్టెక్కింది. కానీ ఆ రాత్రి ఆరు గంటలు పోగొట్టింది నేనే.

ఆ జబ్బు పేరు పెరిపార్టమ్ కార్డియోమయోపతి. పేరు గుర్తుండకపోయినా ఫర్వాలేదు. నెలలు నిండే ముందు గానీ, కాన్పయ్యాక ఐదారు నెలల లోపు గానీ, అంతకుముందు ఏ గుండె జబ్బూ లేని మనిషికి గుండె కండరం ఉన్నట్టుండి నీరసించిపోతుంది. ఎక్కువగా కాన్పయిన మొదటి నెలలోనే బయటపడుతుంది. గర్భంలో బీపీ పెరిగినవాళ్లకు, కవలలు పుట్టినవాళ్లకు, ముప్పై దాటాక కన్నవాళ్లకు, చాలా కాన్పులైనవాళ్లకు ముప్పు కొంచెం ఎక్కువ. ఇవేవీ లేని ఇరవై రెండేళ్ల పిల్లకు కూడా రావచ్చు. కాబట్టి "మా అమ్మాయికి ఏ జబ్బూ లేదండీ" అనే మాటను పక్కన పెట్టి కింద చెప్పినవి చేయండి.

ఇంట్లో చేయాల్సినవి

మొదటిది దిండ్లు. నిన్న ఎన్ని దిండ్ల మీద పడుకుంది, ఇవాళ ఎన్ని కావాలంటోంది? ఒకటి రెండైనా, రెండు మూడైనా, లేదా అర్ధరాత్రి ఉలిక్కిపడి లేచి కిటికీ దగ్గరకు పరిగెత్తినా, అది గ్యాస్ కాదు. గ్యాస్‌కు కూర్చుంటే పొట్ట బిగుస్తుందేమో గానీ, పడుకోగానే ఊపిరి ఆగినట్టు ఉండదు. పొడి దగ్గు కూడా చూడండి. పడుకుంటే మొదలై, లేచి కూర్చుంటే తగ్గే దగ్గు జలుబు దగ్గు కాదు.

రెండోది ఊపిరి లెక్క. ఫోన్‌లో ఒక నిమిషం టైమర్ పెట్టి, ఆమెకు చెప్పకుండా పొట్ట ఎన్నిసార్లు పైకి లేస్తుందో చూడండి. చెబితే ఊపిరి బిగబడుతుంది, లెక్క తప్పుతుంది. నిమిషానికి 24 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే ఆసుపత్రికి బయలుదేరాలి. కరోనా నాడు కొన్న పల్స్ ఆక్సీమీటర్ ఏ బీరువాలోనో ఉంటుంది, బ్యాటరీ మార్చి వేలికి పెట్టండి. ఆక్సిజన్ 95 కంటే తగ్గినా, కదలకుండా కూర్చున్నప్పుడు కూడా నాడి 110 దాటినా అంతే.

మూడోది కాళ్లు. మోకాలి కింద ముందు ఎముక మీద బొటనవేలితో పది లెక్కపెట్టేదాకా నొక్కి తీయండి. గుంట అలాగే ఉండిపోతే నీరు పట్టినట్టు. కాన్పయ్యాక కొద్ది రోజులు చాలామందికి కాళ్లు వాస్తాయి, అది నిజమే. కానీ అది రోజురోజుకూ తగ్గాలి. పైకి పాకుతున్నా, బరువు తగ్గాల్సింది పోయి మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగినా తేలిగ్గా తీసుకోకండి.

ఉద్దానం వాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. సోంపేట, కవిటి, మందస, వజ్రపుకొత్తూరు వైపు కాళ్లు వాచాయంటే చిన్నపిల్లలు కూడా "క్రియాటినిన్ చేయించండి" అంటారు. అక్కడ కిడ్నీ జబ్బు చేసిన గాయం అలాంటిది. క్రియాటినిన్ చేయించండి, తప్పులేదు. అది మామూలుగా వచ్చిందని మాత్రం ఇంటికి తీసుకెళ్లిపోకండి. బాలింత కాళ్ల వాపుకు ఆయాసం తోడైతే గుండెను చూడకుండా కథ ముగియదు.

చేయకూడనిది ఒకటుంది

సెలైన్. మన ఊళ్లలో నీరసం అన్నా, కళ్లు తిరిగాయన్నా, "ఒక బాటిల్ ఎక్కించేయండి బాబూ" అని ఆర్‌ఎంపీని మనమే అడుగుతాం. ఆయన తలుపు చెక్కకు బాటిల్ వేలాడదీసి వెళ్లిపోతాడు. గుండె ఉన్న నీటినే ముందుకు తోయలేక అల్లాడుతుంటే పైనుంచి మరో అర లీటరు పోస్తున్నామన్నమాట. ఒక్క బాటిల్‌తో ఊపిరితిత్తులు నిండిపోయినవాళ్లను నేను చూశాను. ఆయాసపడే బాలింతకు డాక్టరు చూడకుండా సెలైన్ వద్దు. రక్తం తక్కువగా ఉంది, ఎక్కించాలి అని ఆసుపత్రిలో అన్నా, "ఆయాసం ఉందండీ, నెమ్మదిగా ఎక్కిస్తారా, మధ్యలో ఒంట్లో నీరు లాగే లాసిక్స్ ఇస్తారా?" అని అడగండి. మన దగ్గర రక్తహీనత నిజంగానే ఎక్కువ. అందుకే ఆయాసానికి కారణం అదే అనుకుని అక్కడితో ఆగిపోతారు. రెండూ ఒకే మనిషికి ఉండకూడదని ఎక్కడా లేదు.

ఆసుపత్రిలో ఏం అడగాలి

108కి ఫోన్ చేయండి. ఆటోలో పడుకోబెట్టి తేకండి. అంబులెన్స్‌లో కూడా కూర్చోబెట్టే తీసుకెళ్లమనండి, కాళ్లు కిందికి వేలాడితే ఇంకా మంచిది. ఇంకా కాన్పు కాకపోతే ఎడమ వైపు ఒరిగి కూర్చోవాలి.

వెళ్లగానే కథంతా చెప్పకండి. ఒకే ముక్క: "కాన్పయి ఇన్ని రోజులు. పడుకోలేకపోతోంది. ఊపిరి నిమిషానికి ఇన్ని. ఈసీజీ, ఎకో చేయించండి." ఎకో అంటే గుండెకు చేసే స్కానింగ్. తల్లీబిడ్డ కార్డు చేతికివ్వండి, అందులో గర్భంలో బీపీ ఎంతుందో ఉంటుంది. ఆస్తమా అనో నిమోనియా అనో నెబ్యులైజర్ పెడితే పెట్టనివ్వండి, కానీ ఎకో సంగతి వదలకండి. మీరున్న చోట ఎకో లేకపోతే ఉన్నచోటికి పంపమనండి. శ్రీకాకుళంలో రిమ్స్ అని అందరూ పిలిచే సర్వజన ఆసుపత్రి, విజయనగరంలో ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ఉన్నాయి. ఘోషా ఆసుపత్రిలో కాన్పయినవాళ్లు ఆ కేస్‌షీట్ జిరాక్స్ వెంట ఉంచుకోండి.

ఎకో కాగితంలో మీరు చూడాల్సింది ఒక్క అంకె, ఈఎఫ్. గుండె ఒక్కసారి ముడుచుకున్నప్పుడు ఎడమ గదిలో ఉన్న రక్తంలో నూటికి ఎంత బయటికి తోస్తుందో ఆ లెక్క. మామూలుగా 55 పైన ఉంటుంది. ఈ జబ్బులో 45 కంటే తగ్గుతుంది. 30 కంటే తక్కువైతే జాగ్రత్త రెట్టింపు కావాలి. కాగితాన్ని ఫోన్‌తో ఫొటో తీసి ఇంట్లో ముగ్గురికి పంపండి. ఆ హడావుడిలో కాగితాలు పోతాయి, నా సర్వీసంతా చూసిందే అది.

మందులు, పాలు

ఆక్సిజన్, నీరు లాగే లాసిక్స్, గుండె భారం తగ్గించే మందులు, రక్తం గడ్డకట్టకుండా హెపారిన్, ఇవి మొదలవుతాయి. కడుపులో బిడ్డ ఉండగా ఇవ్వకూడని ఎనలాప్రిల్ లాంటి మాత్రలు కాన్పయ్యాక ఇస్తారు. బిడ్డ ఇంకా లోపలే ఉంటే, తల్లి నిలకడగా ఉన్నప్పుడు మామూలు కాన్పుకే ప్రయత్నించవచ్చు. తల్లి ప్రాణం మీదికి వస్తే ఆపరేషన్ చేసి తీస్తారు.

బ్రోమోక్రిప్టిన్ అనే మాత్ర పేరు వినిపిస్తే కంగారు పడకండి. పాలు పడేలా చేసే ప్రొలాక్టిన్ అనే హార్మోను కొందరిలో ముక్కలై, ఆ ముక్క గుండెలోని సన్న రక్తనాళాలను దెబ్బతీస్తుందని పరిశోధకులు గుర్తించారు. ఆ హార్మోనును ఆపేది ఈ మాత్ర. దక్షిణాఫ్రికాలో 2010లో ఇరవై మంది మీద ఒక చిన్న పరీక్ష జరిగింది, 2017లో జర్మనీ వాళ్లు అరవై ముగ్గురి మీద ఇంకొకటి చేశారు. ఫలితాలు ఆశాజనకంగానే ఉన్నాయి. అయినా అందరు డాక్టర్లూ ఇవ్వరు, ఇచ్చేవాళ్లు రక్తం పలచబడే మందు కూడా కలిపే ఇస్తారు, ఎందుకంటే దీనితో గడ్డలు కట్టే భయం ఉంది. దీనితో పాలు ఆగిపోతాయి. ఇక్కడే ఇంట్లో గొడవ మొదలవుతుంది: "తల్లి పాలు లేకుండా పిల్లాడెలా బతుకుతాడు?" బతుకుతాడు. డబ్బా పాలు ఎలా కలపాలో పిల్లల వార్డు సిస్టర్‌ను అడిగి, గిన్నె, చెంచా మరిగించి పట్టండి. అమ్మమ్మ అయినా నాన్నమ్మ అయినా బిడ్డ బాధ్యత ఒక్కరికే అప్పగించండి. నలుగురు పెంచే బిడ్డకు నాలుగు రకాల పాలు పడతాయి.

ఎప్పుడు విశాఖ వెళ్లాలి

మందులు పడుతున్నా గుండె చాలడం లేదని శరీరమే చెబుతుంది. చేతులు, పాదాలు మంచుముక్కల్లా చల్లబడటం, పై బీపీ 90 కిందికి జారడం, మూత్రం సంచిలో గంటల తరబడి చుక్క పెరగకపోవడం, మనిషి పొంతన లేకుండా మాట్లాడటం. డాక్టర్లు దీన్ని కార్డియోజెనిక్ షాక్ అంటారు. ఇక్కడ "రేపు పొద్దున చూద్దాం" అనడం ప్రమాదం. శ్రీకాకుళం నుంచి విశాఖ రెండు గంటల పైన పడుతుంది. ఇచ్ఛాపురం నుంచైతే రెండు వందల కిలోమీటర్ల పైమాటే. అందుకే అక్కడివాళ్లు ఒడిశాలోని బరంపురం వైపు కూడా చూస్తారు. దూరం ఇంత ఉన్నప్పుడు నిర్ణయం జబ్బు కంటే ముందు నడవాలి.

బండి కదిలే ముందు మూడు ఫోన్ మాటలు. ఒకటి: మీ డాక్టరే అక్కడి డాక్టరుతో మాట్లాడారా, మంచం ఖాయమైందా? రెండు: అక్కడ ఎక్మో, అంటే గుండె, ఊపిరితిత్తుల పనిని బయటి నుంచి చేసే మెషిన్, ఉందా, దాన్ని నడిపే టీమ్ రాత్రీ పగలూ ఉంటుందా? మెషిన్ ఉండటం వేరు, మనుషులు ఉండటం వేరు. మూడు: వెంటిలేటర్ ఉన్న ఐసీయూ అంబులెన్స్, అందులో మందు పంపులు, వెంట తెలిసిన మనిషి ఉన్నారా? ఈ మూడూ తేలకుండా పెద్దాసుపత్రి బోర్డు చూసి వెళ్లారంటే గేటు దగ్గర నుంచి ఇంకో గేటుకు తిరగాల్సి వస్తుంది.

మన జిల్లాల్లో ఇంకో చిక్కు, మగవాళ్లు ఊళ్లో ఉండరు. ఒకడు గుజరాత్‌లోని వెరావల్‌లో బోటు మీద ఉంటాడు, ఇంకొకడు చెన్నైలో సెంట్రింగ్ పని మీద. అమ్మాయి తెలివిలో ఉన్నంతవరకు సంతకం ఆమెదే. తెలివి తప్పితే దగ్గరి బంధువు పెట్టాలి. అది ఎవరో ముందే అనుకుని, ఆ మనిషి ఆసుపత్రి వదలకూడదని చెప్పండి. భర్తను వీడియో కాల్‌లో డాక్టరుతో ఒకసారి మాట్లాడించండి. తర్వాత "నన్నడక్కుండా చేశారు" అనే మాట రాదు.

మెషిన్లు అంటే ఏంటి

మా చెల్లెలి కోడలికి ఇదే జబ్బు వచ్చినప్పుడు నేను ఐసీయూ బయట పదకొండు రోజులు కూర్చున్నాను. అన్నేళ్లు నర్సుగా చేసినదాన్ని, అటెండెంట్ కుర్చీలో కూర్చోగానే నాకూ ఏమీ తెలియనట్టే అయిపోయింది.

చిన్నది బెలూన్ పంపు. తొడ రక్తనాళం గుండా గుండె కింది పెద్ద నాళంలోకి పంపుతారు. గుండె విశ్రాంతి తీసుకునే క్షణంలో ఉబ్బి, కొట్టే క్షణంలో ముడుచుకుంటుంది. సాయం కొంచెమే. ఇంపెల్లా అనేది పెన్ను కంటే సన్నటి పంపు, గుండె ఎడమ గదిలోంచి రక్తాన్ని లాగి ముందుకు వదులుతుంది. ఖరీదెక్కువ, అన్నిచోట్లా దొరకదు.

ఎక్మో అసలు పెద్దది. తొడ దగ్గర ఒక గొట్టం పెద్ద సిర నుంచి నల్లటి రక్తాన్ని బయటికి తెస్తుంది, పంపు దాన్ని తోస్తుంది, ఆక్సిజనేటర్ అనే పెట్టెలో రక్తం ఎర్రబడి, ఇంకో గొట్టం గుండా ధమనిలోకి వెళ్తుంది. నిమిషానికి మూడు నుంచి ఐదు లీటర్లు. తూము రిపేరు చేసేటప్పుడు చేను ఎండకుండా కాలవను పక్కదారి పట్టిస్తాం చూడండి, అలాంటిది. ఇది గుండెను నయం చేయదు. కోలుకోవడానికి గుండెకు కొన్ని రోజులు ఇస్తుంది. ఈ జబ్బులో ఆ రోజులకు విలువ ఎక్కువ, ఎందుకంటే గుండెపోటులో చచ్చిపోయిన కండరంలా కాదు, ఇక్కడ కండరం చాలామందికి తిరిగి బలం పుంజుకుంటుంది. అందుకే ఎక్మో మాట ఎత్తగానే "ఇక ఆశ లేదన్నమాట" అని ఏడవకండి. ఆశ ఉంది కాబట్టే పెడుతున్నారు.

ప్రమాదాలు కూడా చిన్నవి కావు. రక్తం గడ్డకట్టకుండా మందు పోస్తారు కాబట్టి ఎక్కడైనా రక్తం కారవచ్చు, కాన్పయిన గర్భసంచి నుంచి కూడా. గొట్టం ఉన్న కాలికి రక్తం అందకపోవచ్చు. పక్షవాతం, ఇన్‌ఫెక్షన్ భయం ఉంటుంది. ఎక్మో రక్తాన్ని గుండెకు ఎదురుగా తోస్తుంది కాబట్టి ఎడమ గది ఉబ్బిపోవచ్చు, అందుకే కొందరికి దానితోపాటు బెలూనో ఇంపెల్లానో కూడా పెడతారు.

రోజూ రౌండ్స్ అయ్యాక డాక్టరును ఇవి అడగండి: ఇవాళ ఈఎఫ్ ఎంత? లాక్టేట్ (ఒంటికి రక్తం చాలనప్పుడు పెరిగేది) తగ్గుతోందా? కాలు వెచ్చగా ఉందా? మూత్రం ఎంత? మెషిన్ వేగం తగ్గించి చూశారా? ఒక చిన్న నోటుపుస్తకంలో తేదీ వేసి రాసుకోండి. మూడో రోజు మా చెల్లెలు, "అక్కా, నిన్న ఎంతన్నారు?" అంటే నాకు గుర్తురాలేదు. అప్పటి నుంచి ఈఎఫ్ రాశాను. 15, 15, 20, 20, 28. అలా చూస్తే గానీ బాగవుతోందని నమ్మకం కలగలేదు.

రక్తదాతలను ముందే సిద్ధం చేసుకోండి. డబ్బు లక్షల్లో ఉంటుంది, దాచి లాభం లేదు. ఎన్టీఆర్ వైద్యసేవ కౌంటరులో వైద్యమిత్రను "ఈ జబ్బుకు ఏ ప్యాకేజీ వర్తిస్తుంది, ఎక్మో అందులో ఉందా, లేదా?" అని సూటిగా అడిగి, జవాబు కాగితం మీద రాయించుకోండి. మిగిలినదానికి ముఖ్యమంత్రి సహాయనిధి నుంచి ఎల్‌ఓసీ (ఆసుపత్రికి ఇచ్చే డబ్బు హామీ పత్రం) కోసం ఎమ్మెల్యే ఆఫీసుకు మొదటి రోజే మనిషిని పంపండి. ఎల్‌ఓసీ వైద్యం అయ్యే లోపు తెచ్చుకోవాల్సింది, బిల్లు కట్టేశాక అడిగేది వేరే దారి.

రెండు వారాలైనా గుండె కోలుకోకపోతే ఎల్‌వ్యాడ్ గురించో, గుండె మార్పిడి గురించో మాట్లాడతారు. మార్పిడికి అవయవదానాలు చూసే ప్రభుత్వ పథకం జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయాలి. ఎల్‌వ్యాడ్ ఛాతీ తెరిచి పెట్టే పంపు, దాని తీగ పొట్టలోంచి బయటికొచ్చి బ్యాటరీకి కలుస్తుంది. ఇంటికెళ్లాక కరెంటే ప్రాణం. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకు పలాస వైపు రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటి ఊరివాళ్లు ఒప్పుకునే ముందే ఇన్వర్టర్, అదనపు బ్యాటరీలు, తుఫాను హెచ్చరిక రాగానే ఎక్కడికి వెళ్లాలో ఖాయం చేసుకోవాలి. ఎల్‌వ్యాడ్ ఉన్నవాళ్ల నాడి చేతికి అందకపోవచ్చు, బీపీ మామూలు మిషన్‌కు దొరకకపోవచ్చు, ఆ ముక్క ఊరి ఆశా కార్యకర్తకు, 108 వాళ్లకు తెలియాలి.

ఇంటికొచ్చాక

మాత్రలు బాగైందనిపించి ఆపకండి. ఆరు నెలల్లో సగం మందికి పైగా గుండె మామూలుకు వస్తుంది, కొందరికి ఏడాది పడుతుంది. మూడో నెల, ఆరో నెల, ఏడాదికి ఎకో. రోజూ పొద్దున మూత్రానికి వెళ్లొచ్చాక బరువు చూసి క్యాలెండర్ మీదే రాయండి. ఉప్పు తగ్గించడమంటే కూరలో చిటికెడు తగ్గించడం కాదు. ఎండుచేపలు, ఆవకాయ, అప్పడాలు, వడియాలు, ఇవి పోవాలి. మన వైపు ఎండుచేపలు మానడం ఎంత కష్టమో నాకు తెలుసు. బాలింత కాయం, పసర్లు గుండె మాత్రలతో కలపకండి. రక్తం పలచబడే వార్ఫరిన్ వాడుతుంటే, అది ఎంత పలచబడిందో చూసే ఐఎన్‌ఆర్ పరీక్ష తేదీ తప్పకూడదు.

కుటుంబ నియంత్రణ మొదటి నెలలోనే తేల్చుకోండి. ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలు వద్దు, గడ్డలు కడతాయి. కాపర్ టీ ఉంది, భర్త వేసక్టమీ చేయించుకోవచ్చు, అది ఆమె గుండెకు ఏ భారమూ లేని పని. ఈఎఫ్ మామూలుకు రాకుండా మళ్లీ గర్భం వస్తే ప్రాణం మీదికి వస్తుంది. మామూలుకు వచ్చినా జబ్బు తిరగబెట్టే అవకాశం ఉంది కాబట్టి గుండె డాక్టరును అడగకుండా ముందుకెళ్లకూడదు. ఆడపిల్ల పుట్టిన ఇంట్లో "ఇంకొక్కటి చూద్దాం" అనే మాట వస్తుంది, నేను వందసార్లు విన్నాను. ఆ జవాబు ఆ అమ్మాయి చేత చెప్పించకండి. ఆరో నెల ఎకోకు వెళ్లేటప్పుడు అత్తగారిని వెంట తీసుకెళ్లి, డాక్టరు ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టండి.